ఆమె పనికి సాక్షి ఎవరు?

నిజాంపట్నంలో ఎండుచేపల పని చేసే స్త్రీలతో మాట్లాడడానికి వెళ్ళిన రోజుల్లో ఒక అమ్మాయి మూడు నెలలు నాకు తోడుగా తిరిగింది. ఆ ఊరి అమ్మాయే. తల్లి ఎండుచేపలు అమ్ముతుంది. తండ్రి బోటు మీద కూలికి వెళ్తాడు. ఈ మధ్య ఆ అమ్మాయి ఫోను చేసింది. డిగ్రీ అయింది, కంప్యూటరు కోర్సు కూడా అయింది, హైదరాబాదులో హాస్టల్లో ఉండి ఉద్యోగం వెతుక్కుంటున్నది. పది నిమిషాలు నా ఆరోగ్యం గురించి, వాళ్ళమ్మ మోకాళ్ళ నొప్పుల గురించి, ఊళ్ళో వానల గురించి మాట్లాడింది. ఇక పెట్టేస్తుందనగా, "మేడమ్, ఒక విషయం అడగాలి, ఏమీ అనుకోకండి" అన్నది. అప్పు కావాలేమో అనుకున్నాను. లింక్డిన్‌లో తన గురించి నాలుగు మాటలు రాసిపెట్టమని అడిగింది. ఆ మాట అడగడానికి నాలుగు రోజులు వెనకాముందాడానని తరువాత చెప్పింది.

లింక్డిన్ సంగతి తెలియని వారి కోసం ఒక మాట. ఇది 2003లో అమెరికాలో మొదలైంది. 2016లో మైక్రోసాఫ్ట్ సంస్థ దీన్ని కొన్నది. ఉద్యోగం కావలసినవాళ్ళు, ఉద్యోగం ఇచ్చేవాళ్ళు కలుసుకునే సంత అనుకోవచ్చు. ఎవరి చదువు, ఎవరి అనుభవం వారు ఒక పేజీలో పెట్టుకుంటారు. దాని కింద, మనతో పనిచేసినవారు మన గురించి రాసిన మాటలు కనిపిస్తాయి. ఆ మాటలు వాటంతట అవి రావు, సాధారణంగా మనమే అడగాలి. అదీ, అప్పటికే మనతో పరిచయం కలుపుకున్నవారినే అడగగలం. రాసి పంపింది చూసుకుని పదిమందికీ కనిపించేట్టు పెట్టుకోవచ్చు, మార్చి రాయమనవచ్చు, దాచేయనూవచ్చు. పూర్వం హెడ్మాస్టరుగారు ఇచ్చే కాండక్టు సర్టిఫికెట్టు వంటిదే. కాకపోతే ఇది బీరువాలో ఉండదు, బజారులో ఉంటుంది.

సరే రాస్తానన్నాను. ఆ రాత్రే ఐదు నిమిషాల్లో రాసేశాను. "చాలా కష్టపడి పనిచేస్తుంది. ఓర్పు, వినయం గల అమ్మాయి. ఏ పని చెప్పినా కాదనదు. అందరితో ఆప్యాయంగా మెలుగుతుంది." పంపబోతూ, అంతకుముందు ఒక అబ్బాయికి ఇటువంటిదే రాశానని గుర్తొచ్చి తీసి చూశాను. "స్వతంత్రంగా ఆలోచిస్తాడు. సమస్యను విడదీసి చూడగల నేర్పు ఉంది. బాధ్యత అప్పగిస్తే ముందుండి నడిపించగలడు." నిజానికి ఆ అబ్బాయి నాకివ్వవలసిన రిపోర్టు రెండుసార్లు ఆలస్యం చేశాడు. ఈ అమ్మాయి ఒక్కరోజు కూడా ఆలస్యం చేయలేదు. రెండూ రాసింది నేనే. ఇరవై ఏళ్ళుగా స్త్రీల శ్రమ మీద పాఠాలు చెబుతున్న నేనే.

ఇది నా ఒక్కదాని అలవాటు కాదు. ఫ్రాన్సిస్ ట్రిక్స్, కెరొలిన్ సెంకా అనే ఇద్దరు పరిశోధకులు అమెరికాలో ఒక పెద్ద వైద్య కళాశాల అధ్యాపక ఉద్యోగాల కోసం వచ్చిన మూడు వందలకు పైగా సిఫారసు ఉత్తరాలను పరిశీలించి 2003లో ప్రచురించారు. స్త్రీల గురించి రాసిన ఉత్తరాలు పొట్టిగా ఉన్నాయి. అనుమానం రేకెత్తించే మాటలు వాటిలోనే ఎక్కువ. కష్టపడే స్వభావాన్ని మెచ్చుకోవడం స్త్రీల ఉత్తరాలలో ఎక్కువ, పరిశోధనను మెచ్చుకోవడం పురుషుల ఉత్తరాలలో ఎక్కువ. 2009లో మడేరా, హెబుల్, మార్టిన్ అనే మరో ముగ్గురు చేసిన అధ్యయనం ఇంకో అడుగు ముందుకు వేసింది. నలుగురినీ కలుపుకుపోతుంది, ఆప్యాయంగా ఉంటుంది వంటి మాటలు ఉత్తరంలో ఎంత ఎక్కువైతే ఉద్యోగానికి అర్హత అంత తక్కువగా కనిపిస్తున్నదని తేల్చింది. అంటే మనం ప్రేమతో రాసిన మాటే ఆమె కాళ్ళకు అడ్డం పడుతున్నది. చెడు రాస్తే కనీసం చెడు అని తెలుస్తుంది. ఇది అలా కాదు, చదివి ఆమె కూడా సంతోషిస్తుంది.

ఇంతకీ ఆ అమ్మాయి మూడు నెలల్లో చేసిన పని ఏమిటి? నేను తయారుచేసుకుని వెళ్ళిన ప్రశ్నల కాగితంలో మొదటి ప్రశ్న, "మీరు ఏదైనా పని చేస్తారా?" అని. మొదటి రోజు ఏడుగురు స్త్రీలు "లేదమ్మా, ఇంట్లోనే ఉంటాను" అన్నారు. వారిలో ఇద్దరు ఆ మాట అంటున్నప్పుడు చేపలకు ఉప్పు పట్టిస్తున్నారు. సాయంత్రం ఈ అమ్మాయి, "మేడమ్, ఆ ప్రశ్న తీసేద్దాం. నిన్న పొద్దున లేచిన దగ్గర్నుంచి ఏం చేశారో చెప్పమందాం" అన్నది. మరుసటి రోజు నుంచి కాగితాలు నిండిపోయాయి. తెల్లవారుజామున జెట్టీకి పోవడం, వేలంలో పాడడం, ఏరడం, కడగడం, ఉప్పు వేయడం, ఎండబెట్టడం, మబ్బు పడితే పరుగెత్తి ఎత్తడం, ఆటోలో రేపల్లెకో చెరుకుపల్లికో వేసుకుపోవడం, మధ్యలో వంట, నీళ్ళు, పిల్లలు, ముసలివాళ్ళు. పని అంటే జీతం వచ్చేది అనే అర్థం ఆ స్త్రీల నోట్లో కూడా ఎంత గట్టిగా పాతుకుపోయిందో ఆమెకు తెలుసు, నాకు తెలియలేదు. దేశం మొత్తం మీద ఎవరు ఏ పనికి ఎంత సమయం వెచ్చిస్తున్నారని మన ప్రభుత్వం లెక్క తీసింది మొదటిసారి 2019లోనే. ఇంటివారికి జీతం లేకుండా చేసే ఇంటిపనికి, అది చేసే స్త్రీలు రోజుకు 299 నిమిషాలు, పురుషులు 97 నిమిషాలు పెడుతున్నారని తేలింది. అటువంటి లెక్క తీయాలంటే ప్రశ్న ఎలా అడగాలో డిగ్రీ చదువుతున్న ఒక పిల్ల నాకు చెప్పింది. దాన్ని నేను "ఏ పని చెప్పినా కాదనదు" అని రాశాను. ఆమె చేసిన మేలంతా కాదనడంలోనే ఉన్నది.

ఇక అడగడం గురించి. సిఫారసు అనే మాట మనకు ఫారసీ నుంచి వచ్చింది. వాడుకలో దానికి కొంచెం దుర్వాసన అంటుకున్నది. మగవాడికి ఉద్యోగం వస్తే అతనికి "పరిచయాలున్నాయి" అంటారు. ఆడపిల్లకు వస్తే "ఎవరిదో సిఫారసు" అంటారు. ఆ "ఎవరిదో" అన్నప్పుడు గొంతు ఎలా తిరుగుతుందో మనందరం విన్నాం. కనుక ఆడపిల్లలు అడగరు. అడగకపోవడాన్ని ఆత్మగౌరవం అనుకుంటారు. పనిని పని చెబుతుంది, నేను చెప్పుకోవడమేమిటి అనుకుంటారు. పని ఎప్పుడూ తనంతట తాను మాట్లాడదు. మాట్లాడేదైతే ఉప్పు పట్టించే చేతుల్ని చూసి ఏ గణాంకాధికారీ "పనిలేనిది" అని రాసుకునేవాడు కాదు.

పెద్ద కంపెనీలు ఎక్కిదిగిన వ్యాపారం కూడా సిఫారసు లేకుండా జరగలేదు. ఇదే నిజాంపట్నానికి, అప్పటి పేటపోలికి, 1606లో డచ్చివారు, 1611లో గ్లోబు ఓడ మీద ఇంగ్లీషువారు వచ్చారు. డచ్చివారు గోల్కొండ సుల్తాను నుంచి ఫర్మానా సంపాదించుకున్నాకే ఇక్కడ కొట్టు పెట్టగలిగారు. వారెవరూ సిగ్గుపడినట్టు చరిత్రలో లేదు.

సామాజిక శాస్త్రంలో దీని మీద పేరున్న సిద్ధాంతం ఒకటి ఉన్నది. మార్క్ గ్రానొవెటర్ 1973లో రాసిన వ్యాసంలో, దగ్గరివాళ్ళ కంటే అంతంతమాత్రం పరిచయమున్నవాళ్ళే కొత్త అవకాశాల కబురు తెస్తారన్నాడు. దగ్గరివాళ్ళకు తెలిసింది మనకూ తెలిసే ఉంటుంది కాబట్టి. 2022లో లింక్డిన్‌లోని రెండు కోట్ల మంది మీద ఐదేళ్ళ పాటు జరిగిన ప్రయోగాల ఫలితాలు సైన్స్ పత్రికలో వచ్చాయి. మరీ పలచనివి కాకుండా ఓ మాదిరి పలచని పరిచయాలే ఉద్యోగం మారడానికి ఎక్కువ ఉపయోగపడ్డాయని అవి చెప్పాయి. బాగానే ఉన్నది. కానీ ఆ పలచని పరిచయాలు ఎక్కడ దొరుకుతాయి? టీకొట్టు దగ్గర, సాయంత్రం క్రికెట్ మైదానంలో, కులం హాస్టల్లో, ఆఫీసు అయ్యాక జరిగే విందుల్లో. నిజాంపట్నం పిల్లకు చిక్కని పరిచయాలకు లోటు లేదు. వీధి వీధంతా పిన్నులూ అత్తలే. పొదుపు సంఘంలో పదిమంది. ఆపదకు అందరూ వస్తారు. వారిలో ఒక్కరు కూడా లింక్డిన్‌లో లేరు. ఇంజనీరింగు చదివిన భూస్వామి కొడుక్కి మేనమామ స్నేహితుడు ఏదో కంపెనీలో మేనేజరుగా ఉంటాడు. దాన్ని ఎవరూ కులం అనరు, నెట్‌వర్కు అంటారు. రిజర్వేషను మాత్రం కులం.

ఒకరి కోసం ఒకరు పూచీ పడడమనే పద్ధతి ఆ అమ్మాయి తల్లికి తెలియనిదేమీ కాదు. జెట్టీ దగ్గర వేలంలో కొత్తగా చేపలు పాడుకోవడానికి వచ్చిన స్త్రీకి మొదటి రోజే అరువు పుట్టదు. పక్కనున్న పాత మనిషి, "ఇది మా వీధిదే, ఎల్లుండి తెచ్చిస్తది, నేనున్నా" అనాలి. ఆ ఒక్క మాట మీద గంప లేస్తుంది. డబ్బు రాకపోతే పూచీ పడినామె పరువు పోతుంది, ఒక్కోసారి డబ్బూ పోతుంది. అందుకని ఎవరికి పడితే వారికి అనదు. చేపను చూసి ధర కట్టగలదా, నోటి లెక్క సరిగ్గా వేస్తుందా, ఎండలో నిలబడగలదా, ఇవన్నీ చూసుకుంటుంది. ఆమె చూసేవన్నీ నేర్పులే. వినయం ఆ జాబితాలో లేదు, అక్కడ వినయంగా ఉంటే చేప దొరకదు. ఆ అమ్మాయి సంగతి చెప్పినప్పుడు తల్లి నవ్వి, "మీ చదువుకున్నోళ్ళకి గూడా పూచీ మనిషి కావాలా మేడమ్ గారూ" అన్నది.

ఆమెకూ ఒక కాగితం అవసరం పడింది. 2020లో కేంద్ర ప్రభుత్వం వీధి వ్యాపారుల కోసం స్వనిధి పథకం పెట్టి, మొదటి విడత 10,000 రూపాయలు అప్పు ఇచ్చింది. పథకం పట్టణాల వారిది. పల్లెల నుంచి వచ్చి పట్టణంలో అమ్మేవారికి కూడా వర్తిస్తుంది గానీ, వ్యాపారుల సర్వేలో పేరు లేనివారు మునిసిపాలిటీ నుంచి సిఫారసు లేఖ తెచ్చుకోవాలి. పథకం కాగితాల్లో ఆ మాటే ఉన్నది, సిఫారసు లేఖ అని. 2014 నాటి వీధి వ్యాపారుల చట్టం ప్రకారం పట్టణ వ్యాపార కమిటీలో వ్యాపారుల ప్రతినిధుల్లో మూడోవంతు స్త్రీలుండాలి. ఇంత ఉన్నా, తెల్లవారుజామున మూడింటికి లేచే మనిషి పదకొండు గంటలకు ఆఫీసులో ఎవరిని అడగాలి? ఆమె రెండుసార్లు తిరిగి, మూడోసారి బేరం పోగొట్టుకోలేక మానేసింది. కూతురిది ఒక పేజీ, తల్లిది ఒక లేఖ. ఇద్దరూ తాము రోజూ చేసే పనిని తాము చేస్తున్నామని మరొకరి చేత అనిపించుకోవాలి. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు 61 రోజులు తూర్పు తీరంలో మరపడవల వేట నిషేధం ఉంటుంది. ఆ కాలానికి ఇచ్చే భృతి వేటకు వెళ్ళే వారికి వస్తుంది. పడవ ఆగితే గంప కూడా ఆగుతుంది, గంపకు మాత్రం సాక్ష్యం లేదు. 2021 ఆగస్టులో మొదలైన ఇ-శ్రమ్‌లో నమోదైన అసంఘటిత కార్మికులు 30 కోట్లు దాటారు, వారిలో సగానికి పైగా స్త్రీలు. అక్కడ ఎవరి వృత్తి వారే చెప్పుకోవచ్చు. ఇది మంచిదే. చెప్పుకున్నాక ఏమి వస్తుందన్నది వేరే చర్చ.

ఇప్పుడు కాస్త కష్టమైన విషయం. ఆ అమ్మాయి నన్ను అడగక ముందు మరొకరిని అడిగింది. ఆరు నెలలు పనిచేసిన చోట పై అధికారి. "తప్పకుండా రాస్తాను, నీ గురించి ఇంకా తెలుసుకోవాలి కదా" అన్నాడట. ఆ రోజు నుంచి రాత్రి పదిన్నరకు వాట్సాప్‌లో మెసేజీలు. తిన్నావా, ఒంటరిగా ఉన్నావా, ఆదివారం కాఫీకి రాగలవా. ఆమె జవాబివ్వడం మానేసింది. రాస్తానన్న మాటా రాలేదు. అతను అసభ్యంగా ఒక్క మాట అనలేదు. ఫిర్యాదు చేస్తే "కాఫీకి పిలవడం తప్పా?" అంటారు. ఆమె పేజీలో ఆ ఆరు నెలల ఉద్యోగం కింద ఖాళీ ఉన్నది. చూసేవారికి ఆ ఖాళీ ఆమె లోపంగా కనిపిస్తుంది.

1997లో విశాఖ తీర్పు వచ్చింది, 2013లో చట్టం వచ్చింది. చట్టంలోని మూడవ సెక్షను, ఉద్యోగంలో మేలు చేస్తానని సూచనగా గానీ స్పష్టంగా గానీ ఆశ చూపడాన్నీ, ఇప్పటి ఉద్యోగానికే కాక ముందుముందు ఉద్యోగానికి కూడా ముప్పు తెస్తానని బెదిరించడాన్నీ లైంగిక వేధింపుతో ముడిపడినప్పుడు నేరుగా ప్రస్తావించింది. పదిమంది కంటే తక్కువ పనిచేసే చోట కమిటీ లేకపోతే జిల్లా స్థాయి స్థానిక కమిటీకి వెళ్ళవచ్చు. ఫిర్యాదు మాత్రం సంఘటన జరిగిన మూడు నెలల లోపు ఇవ్వాలి, తగిన కారణం ఉంటే మరో మూడు నెలలు పొడిగిస్తారు. సిఫారసు సాధారణంగా ఉద్యోగం వదిలాక అడిగేది. అప్పటికి ఆమె ఆ ఆఫీసు మనిషి కాదు, అక్కడ పలకరించే స్నేహితురాళ్ళూ ఉండరు. ఈ రెండింటి మధ్య సందులో ఎంతమంది జారిపోతున్నారో మన కమిటీ శిక్షణల్లో ఎప్పుడూ చర్చకు రాగా నేను వినలేదు. ఉద్యోగం వదిలేటప్పుడే, ఇంకా ఆఫీసులో ఉండగానే, ఆఫీసు మెయిలు ద్వారానే అడగమని మన పిల్లలకు చెప్పాలి. ఒక్క మనిషి చేతిలో ఆ మాట పెట్టకుండా ముగ్గురు నలుగురిని, వారిలో పక్క బల్ల సహోద్యోగిని కూడా అడగమనాలి. పైవాడు రాసిందే విలువైనదని ఏ నియమమూ లేదు. సమానస్థాయిలో పనిచేసిన స్త్రీ రాసిన మాట తక్కువది కాదు.

ఇక మన సంస్థల సంగతి. ఇది రాయకుండా పై అధికారులను తిట్టి ఊరుకుంటే అన్యాయమవుతుంది. మన సర్వేలకు ఊరూరా తిరిగేది ఎవరు? రెండేళ్ళ ప్రాజెక్టు, ఆరు నెలల ప్రాజెక్టు, అయిపోగానే ఇంటికి. నివేదిక మీద పేర్లు మావి. చివరి పేజీలో "క్షేత్రస్థాయి కార్యకర్తలకు కృతజ్ఞతలు" అని ఒక వాక్యం, అందులో పేర్లు కూడా ఉండవు. వారు తరువాత ఎక్కడికైనా వెళ్ళి "నేను ఫలానా అధ్యయనంలో పనిచేశాను" అంటే నమ్మేదెలా? స్త్రీ శక్తి సంఘటన 1986లో "మనకు తెలియని మన చరిత్ర" తెచ్చినప్పుడు, తెలంగాణ సాయుధ పోరాటంలో పాల్గొన్న స్త్రీలు తమ పనిని తామే చెప్పుకున్నారు, స్త్రీలే కూర్చుని విని రాసుకున్నారు. ఆ పుస్తకాన్ని మనం ప్రతి శిక్షణలో చూపిస్తాం. మన ప్రాజెక్టు ముగిసినప్పుడు మన కార్యకర్తకు ఏమి తెలుసో, ఏమి చేసిందో ఒక పేజీ రాసి చేతిలో పెట్టడానికి మాత్రం తీరిక దొరకదు. "అడిగితే ఇవ్వమా?" అంటాం. అడగడానికి నాలుగు రోజులు పడుతుందని మనకు తెలియదు. అడక్కుండానే ఇవ్వాలి. ఫండు ఇచ్చేవారికి పంపే చివరి నివేదికతో పాటే అదీ తయారు కావాలి.

రాసేటప్పుడు నిజమే రాయాలి. స్త్రీలను పైకి తేవాలని లేని గొప్పలు రాయమని నా ఉద్దేశం కాదు. అలా రాస్తే జెట్టీ దగ్గర పూచీ పడినామె పరువు పోయినట్టే మన మాటకూ విలువ పోతుంది. ఏ రోజు, ఏ పనిలో, ఏ నిర్ణయం తీసుకున్నదో రాస్తే చాలు. అడిగే అమ్మాయి కూడా ఊరికే "ఏదైనా రాయండి మేడమ్" అనకుండా, తను చేసిన పనులు రెండు మూడు గుర్తుచేస్తూ అడిగితే రాసేవారికి తేలిక. ఇందులో చిన్నతనమేమీ లేదు. నేను నా ప్రమోషను కోసం నా ప్రొఫెసరుకు అలాగే రాసి పంపాను, ఆయన అందులో సగం యథాతథంగా ఎక్కించారు.

మొదటిది చింపేసి, అంటే తుడిచేసి, మళ్ళీ రాశాను. నా ప్రశ్నాపత్రంలోని తప్పును ఆమె పట్టుకున్నదని, ప్రశ్నను ఎలా మార్చిందని, మార్చాక ఏమైందని రాశాను. వేలం జరిగే వేళలో మాటలకు కూర్చోబెట్టవద్దని నన్ను ఆపి, పని గంటల ప్రకారం మా తిరుగుడు మొత్తం తనే మళ్ళీ వేసిందని రాశాను. వేరే ఏ విశేషణమూ వేయలేదు. పంపేముందు ఒక గడి నింపాలి. మీకూ ఆమెకూ సంబంధం ఏమిటని అడుగుతుంది. పై అధికారి, కింది ఉద్యోగి, సహోద్యోగి, గురువు, విద్యార్థి, ఇలా కొన్ని ఉంటాయి, వాటిలో ఒకటి ఎంచుకోవాలి. ఆలోచించకుండా, ఆమె నా కింద పనిచేసిందన్నదాన్ని నొక్కి పంపాను.

మరుసటి రోజు మార్పు కోరుతూ తిరిగి వచ్చింది. కింద ఆమె రాసిన మాట, "రాసింది చాలా బాగుంది మేడమ్. ఒక్కటి మారుస్తారా, మనం కలిసి పనిచేశాం కదా." మార్చాను. ఆ ఆరు నెలల ఉద్యోగం కింద ఖాళీ అలాగే ఉన్నది. దాని కోసం అక్కడ తనతో పాటు పనిచేసిన ఒకామెకు ఈసారి ఒక్క రోజులోనే ఫోను చేసిందట, జవాబు కోసం చూస్తున్నది.